కాస్త ఎత్తి తోయండి

మా ఆఫీసు వెడల్పు రెండు మీటర్ల నలభై.
ఇదివరకు రొట్టెల కొట్టు.
వాన పడితే గోడలోంచి ఇప్పటికీ
పులిసిన పిండి వాసన.
తావెట్, నేను, మంగళ శుక్రవారాల్లో కెర్తు.
ఒకరు లేవాలంటే ఇద్దరు కుర్చీలు జరపాలి.
ఊరందరి ఇళ్ళూ గీసేవాళ్ళకి చోటు చాలదని
హాప్సాలులో అందరికీ తెలిసిన హాస్యమే,
ఎవరూ నవ్వరు.

ఈ ఏటి సంగతులు.

పోటీకి పంపిన ఆవిరి స్నానాల గది
రెండో వడపోతలో ఆగిపోయింది.
నమూనా అట్టడబ్బాను కెర్తు తమ్ముడు
చిలకకి గూడు చేశాడు. చిలకకి నచ్చింది.

డాక్టరమ్మ వరండా పూర్తయింది.
ఒక నూలు తేడా వచ్చిందని
వడ్రంగి హైనో రెండు రోజులు మాతో మాట్లాడలేదు.
తప్పు మాదే.
కుళ్ళిన దూలం ఊడదీస్తే లోపల
ఎండిన నాచు, చిల్లులు పడ్డ వార్తాపత్రిక,
ఎవరో పిల్లవాడి పాలపన్ను.
పన్నును అక్కడే పెట్టి మూసేశాం.
బిల్లులో రాయలేదు.

పొయ్యి మేస్త్రి ఊర్వే ఇక పని మానేస్తోంది.
పొగ ఆమె మాట వినేది.
వెళ్తూ ఒక ఇటుక ఇచ్చింది,
ఆరకముందు నొక్కిన బొటనవేలి ముద్రతో.
కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాం.
కిటికీ తెరిచినప్పుడల్లా
ఆమె వేలు మా గీతల మీద ఉంటుంది.

ఇక నవంబరులో
లేలో, తార్వొ వచ్చారు.
మేం కట్టిన మొదటి ఇల్లు వాళ్ళది,
రెల్లు దాటాక, అఖాతం అంచున.
పదకొండేళ్ళ కిందట ఒక్క కిటికీ కోసం
ఆరు వారాలు వాదించుకున్నాం.
మంచు విరిగే రోజు వంటింట్లోంచే కనబడాలని ఆమె,
అంత గాజుకి ఎంత కట్టె కాల్చాలో అని అతను.
ఆమె గెలిచింది. కట్టె అతను కొట్టాడు.

"ఇంటిని రెండు చెయ్యాలి" అన్నాడు తార్వొ.
అరుపుల్లేవు. అమ్మితే ఇద్దరికీ ఇల్లుండదు,
మిర్టెల్ బడి రోడ్డు దాటితే వస్తుంది.
లేలో టీ తాగకుండా కప్పు తిప్పుతూ కూర్చుంది.

కొలతలకి నేనే వెళ్ళాను.
టేపు ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస అతను.
"గట్టిగా లాగండి" అన్నాను అలవాటుగా,
అని, సుద్దముక్క వెతుక్కున్నట్టు వంగాను.
ఎటు నుంచి గీసినా గీత
ఆ కిటికీ నడిమికే వెళ్ళి ఆగింది.

పాత పటాలు తీశాం.
కిటికీ పక్కన పెన్సిలుతో, నా రాతే,
ఇప్పటికన్నా గుండ్రంగా:
ఇక్కడ ఇద్దరు నిలబడగలగాలి.
తావెట్ చూశాడు. రబ్బరు అందుకోలేదు.

గోడని గాజుకి జానెడు ఇవతలే ఆపుదామన్నాడు.
అగ్నిమాపక శాఖ ఒప్పుకోలేదు.
మూడుసార్లు పంపాం, మూడుసార్లూ తిరిగొచ్చింది.
చివరికి గోడ నడిమి కమ్మీని తాకింది.
చెరో రెక్క.

అప్పుడడిగింది మిర్టెల్:
"మరి పిల్లి?"

ఏడేళ్ళ పిల్ల అడిగేదాకా
ముగ్గురు పెద్దవాళ్ళం, రెండు డిగ్రీలు,
పిల్లి సంగతే తోచలేదు.
గోడలో కన్నం పెట్టకూడదు.
నియమాల పుస్తకంలో బయటి పిల్లుల గురించి ఏమీ లేదు కనుక
కిటికీ కింద, వెలుపల, ఆ కొస నుంచి ఈ కొసకి
పద్దెనిమిది సెంటీమీటర్ల పలక వేశాం.
హైనో దాన్ని నూలు తేడా లేకుండా బిగించి
డబ్బు తీసుకోలేదు.

పురపాలక సంఘం కాగితం నిన్న వచ్చింది.
మీ సంస్థ ఈ ఏడాది ఊరికి చేర్చిన
కొత్త నివాసాలు: ఒకటి.
కెర్తు సంబరంగా గోడకి అంటించబోయి
మా మొహాలు చూసి
సొరుగులో పెట్టింది.

అఖాతంలో మంచు ఇంకా విరగలేదు.
పిల్లి పలక మీద సగం దాకా వెళ్ళి
కూర్చుంటోందట.

సోమవారం సెలవు.
మిగతా రోజుల్లో రావచ్చు.
తలుపు తడికి ఉబ్బింది,
తోస్తే రాదు.
కాస్త ఎత్తి తోయండి.